ఫ్రిజ్‌లో సీసా

“ఆ కాఫీ తాగకురా!” ఓటిలియా కొడుకు చేతిలోంచి కప్పు లాగేసుకుంది. అప్పటికే సగం రామిరో కడుపులో పడింది.

“ఏమైందమ్మా?”

“ఏమైందా? నీ పెళ్లాం తన నెలసరి రక్తం కలిపి పోస్తోంది నీకు! మగాణ్ణి కట్టిపడేసే మందు అది. పోయిన నెల సీసాడు రక్తం ఈ కళ్లతో చూశాను, ఫ్రిజ్‌లో. నీ బట్టలు సంచీలో సర్దేశాను. మీ అక్క ఇంటికి పోదాం పద!”

బరాంకీయా ఊళ్లో ఆడదాని మీద ఇంతకు మించిన నింద లేదు. అరెపా రొట్టెలు కాలుస్తున్న నూబియా పెనం ముందే కొయ్యబారిపోయింది.

రామిరో ఫ్రిజ్ తెరిచాడు. మూలన సీసా ఉంది. శుభ్రంగా, ఖాళీగా.

“చూశావా! మొత్తం నీకే పోసేసింది!” ఓటిలియా గుండెలు బాదుకుంది.

“కార్మెన్ మాత మీద ఒట్టు, కాదు రామిరో.” అంది నూబియా. “అది యూనివర్సిటీ ల్యాబ్ వాళ్ల సీసా. గర్భసంచి లోపలి పొరలో కాపలా కణాలుంటాయట. ‘వచ్చింది మన బిడ్డే, దారివ్వండి’ అని ఒకదానికొకటి కబురు పంపుకోవాలట. మన పిల్లలు ముగ్గురూ కడుపులో నిలవలేదు కదా, ఆ కబురు ఎక్కడ ఆగిపోతోందో నెలనెలా నా రక్తంలో వెతుకుతున్నారు. ఇంక ఏ ఆశా పెట్టుకోవద్దన్నావని నీకు చెప్పలేదు.”

రామిరో ముఖం మెత్తబడింది. పాపం, నమ్మాలనే ఉంది అతనికి.

ఓటిలియా వదిలితేనా! “కథలు అల్లడంలో దీని తర్వాతే ఎవరైనా! దీని రోజులు నాకు తెలీవా? పోయిన వారమే రావాలి. ఈస్టర్ ముందటి పవిత్రవారం సెలవులని ల్యాబులన్నీ అప్పట్నుంచీ మూసే ఉన్నాయి. మరి ఈ నెల రక్తం ఏదీ? అడగరా!”

రామిరో భార్య వైపు తిరిగాడు. “అవును నూబియా, ఏదీ?”

పెనం మీద రొట్టె మాడుతోంది. చెబితే ఒక భయం, చెప్పకపోతే ఇంకో భయం నూబియాకు. రామిరో వంగి సంచీ అందుకున్నాడు.

“సీసా ఎప్పట్లాగే కడిగి సిద్ధంగా పెట్టాను అత్తయ్యా,” అంది నూబియా చివరికి. “నింపడానికే ఈసారి ఏమీ రాలేదు. నాకు నెల తప్పింది.”