కాపురం తనిఖీ

అధికారి అలమర తలుపు తెరిచి, మడతల మధ్యకి చెయ్యి పోనిచ్చాడు. ఎడమవైపు ఆడవాళ్ల బట్టలు. కుడివైపు మగవాళ్లవి. తన భాషలో ఏదో గొణిగాడు.

"ఒక్కటీ నలగలేదేమిటని అడుగుతున్నారు బాబూ," అంది వెంట వచ్చిన దుబాసీ. నడివయసు దాటిన తెలుగావిడ.

"నేను దర్జీనండి. నలిగిన బట్ట కంటపడితే నాకు నిద్ర పట్టదు."

దుబాసీ నవ్వింది. అధికారి నవ్వలేదు.

వలస కార్యాలయానికి ఆకాశరామన్న ఉత్తరం ఒకటి వచ్చింది. ఈ దర్జీకీ, ఆసుపత్రిలో పనిచేసే ఆ నర్సుకీ మధ్య కాపురం లేదనీ, అంతా కార్డు కోసం ఆడుతున్న నాటకమనీ అందులో ఉంది. దర్జీ ఈ దేశంలో ఉంటున్నది ఆమె నివాస కార్డు మీద. పెళ్లి లేదని తేలితే ముప్పై రోజుల్లో పెట్టె సర్దుకోవాలి. తొమ్మిదేళ్లుగా నడుపుతున్న కుట్టు దుకాణానికి తాళం వెయ్యాలి. నలభై ఎనిమిదేళ్ల వయసులో ఇంకెక్కడో మొదటి కుట్టు నుంచి మొదలుపెట్టాలి.

మంచినీళ్లిద్దామని నర్సు వంటగదిలోకి వెళ్లింది. గ్లాసుల కోసం మూడు అరలు తెరిచింది. అధికారి అది చూసి ఏదో రాసుకున్నాడు.

"కంగారు పడకమ్మా," అంది దుబాసీ. "పైన దేవుడున్నాడు. నిజం చెప్పేవాళ్లకి భయమెందుకు?"

నర్సు గ్లాసు అందించింది.

తర్వాత ఒకరిని బయట ఉంచి, ఇంకొకరిని పడకగదిలో కూర్చోబెట్టి ప్రశ్నలు. అతను మంచానికి ఏ పక్కన పడుకుంటాడు? ఆమెకి పడని మందు ఏది? ఆమె చెప్పుల సైజెంత?

"ఏడు," అన్నాడు దర్జీ. "భుజం పద్నాలుగు అంగుళాలు, నడుము ముప్పై నాలుగు."

"నడుము అడగలేదు బాబూ."

ఇద్దరి జవాబులూ అచ్చు గుద్దినట్టు సరిపోయాయి. అధికారి అనుమానం తగ్గలేదు సరికదా, పెరిగింది. ఇద్దర్నీ ముందుగదిలోకి పిలిచాడు.

"పాతికేళ్లుగా ఈ పని చేస్తున్నారట," అంది దుబాసీ, ఆయన మాటల్ని నెమ్మదిగా తెలుగు చేస్తూ. "నిజమైన మొగుడూ పెళ్లాల జవాబులు ఇంత బాగా కలవవంటున్నారు. మీరు పాఠం అప్పజెబుతున్నారట."

దర్జీ మొహంలో కత్తివాటుకి నెత్తుటి చుక్క లేదు. నర్సు సోఫాలో కూలబడింది.

మరుక్షణం కెవ్వుమని లేచింది.

"సూది! మళ్లీ సూది!" గుండుసూదిని పట్టి లాగింది. "ఎన్నిసార్లు మొత్తుకున్నాను, వీటిని డబ్బాలో పెట్టమని? దుకాణాన్ని ఇంటికి మోసుకురావద్దని?"

"చూసుకుని కూర్చోవాలి."

"పన్నెండు గంటలు నిలబడి డ్యూటీ చేసొచ్చినదాన్ని, సోఫాలో కూర్చోడానికి టార్చిలైటు వేసి వెతుక్కోవాలా?"

"మా అమ్మ నలభై ఏళ్లు నాన్న సూదుల మధ్యే తిరిగింది. ఒక్కనాడు పల్లెత్తు మాట అనలేదు."

"అత్తయ్యా? పెళ్లయిన మూడో రోజే నాకు చెప్పింది, అమ్మాయ్, ఈ ఇంట్లో కాళ్లకి చెప్పులు విప్పకు అని!"

"మా అమ్మని ఇందులోకి లాగకు!"

"లాగింది నువ్వా, నేనా?"

"నువ్వేం తక్కువ తిన్నావా? కుట్టడానికిచ్చిన కోటు మీద కాఫీ ఒలకబోసిందెవరు?"

"ఏడేళ్ల కిందటి సంగతది!"

"కోటు మాత్రం కొత్తదే!"

పక్కింటివాళ్లు గోడ మీద దబదబ బాదారు. ఇద్దరూ ఆగలేదు. ఎదురుగా అధికారి ఉన్నాడన్న ధ్యాసే లేదు.

"ఏమంటున్నారు?" అని అడిగాడు ఆయన.

దుబాసీ పైటచెంగుతో కళ్లు తుడుచుకుంది, నవ్వి నవ్వి.

"ఏముంది సార్, సూదితో మొదలై అత్తగారి దాకా వెళ్లింది. ముప్పై ఏళ్లుగా మా ఇంట్లో జరుగుతున్నదే. జవాబులైతే బట్టీ పట్టొచ్చు. ఇలా పోట్లాడటం నేర్పితే వచ్చేది కాదు."

అధికారి మొదటిసారి నవ్వాడు. కార్డు ఇంకో రెండేళ్లు పొడిగిస్తూ ఫైలు మీద ముద్ర కొట్టాడు.

దుబాసీ గుమ్మంలో ఆగింది. "చల్లగా ఉండండి. మిమ్మల్ని చూస్తే ఆ దేవుడికీ కాలక్షేపమే."

మెట్ల మీద అడుగుల చప్పుడు ఆగేదాకా ఇద్దరూ కదల్లేదు. దర్జీ కుర్చీలో వాలి, గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

నర్సు హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుని, "రెండేళ్ల తర్వాత తనిఖీకి కూడా వస్తాలే గానీ, మన ఊరి కోర్టు మనకి విడాకులిచ్చింది ఈ సూదుల గొడవ మీదేనని ఎక్కడా నోరు జారకు," అని చెప్పి తన ఇంటికి వెళ్లిపోయింది.