పేరు లేని స్లైడు

మైక్రోస్కోపు మీదికి వంగిన తితిర్‌కు భయంతో కళ్లు మసకబారాయి.

కలకత్తాలో పాథాలజీ పీజీ ప్రాక్టికల్స్ అవి. తితిర్ ఇప్పటికి రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ తప్పించింది ఎదురుగా కూర్చున్న ఈ అనిమేష్ ధర్ గారే. ఇదే ఆఖరి అవకాశం.

ఈ ఏడాది ఆయన మరీ చిరాగ్గా ఉన్నారు. పాన్ మరకల రుమాలు నోటి దగ్గర నుంచి తీయడం లేదు. ముందు లోపలికి వెళ్లిన ఐదుగురూ మొహాలు వేలాడేసుకుని వచ్చారు. ఒక్కొక్కరినీ ఒకే స్లైడు మీద అరగంట నిలబెట్టి పీకి పాకం పెట్టారట.

"నీ మొహం చూస్తే జబ్బు నీకే వచ్చినట్టుంది. చెప్పమ్మా, ఏమిటది?" అన్నారు ధర్.

రక్త క్యాన్సరు, మైలాయిడ్ జాతి అంది. ఆ మాత్రం ఊడ్చే ఆయా కూడా చెబుతుంది, అందులో ఏ రకమో చెప్పమన్నారు. ఉన్నవి ఎనిమిది రకాలు, ఎం-0 నుంచి ఎం-7 దాకా. రకం తప్పు చెబితే మందు తప్పుతుంది, మనిషి పోతాడు. ఆ స్లైడు మీద పేరు కూడా లేదు.

పెరాక్సిడేజ్ ఎంజైము రంగు కణాల నిండా చిక్కగా పట్టింది. ఎస్టరేజ్ రంగు పట్టలేదు. పక్కన కాగితంలో కణాల పైపొర గుర్తులున్నాయి. సీడీ 13, 33 ఉన్నాయి. 34, డీఆర్ లేవు.

"ఎం-3, సర్."

"ఎం-5 ఎందుకు కాకూడదు?"

"అదైతే ఎస్టరేజ్ రంగు పట్టాలి సర్."

"తొందరపడకు. మళ్లీ చూడు."

పప్పులో కాలేశానేమోనని ఆమె భయపడింది. మళ్లీ చూసింది. కణాల్లో సన్నటి పుల్లల కట్టలు కనిపించాయి, ఎం-3కి గుర్తు అవే. ఈసారీ ఎం-3 అనే చెప్పింది.

"అయితే ఈ మనిషి బతుకుతాడా?"

అలాంటి ప్రశ్న ఏ పరీక్షలోనూ ఎవరూ అడగరు.

"ఈ రకానికి మంచి మందుంది సర్. ఇవాళే మొదలుపెట్టాలి. రక్తస్రావం కాకుండా మొదటి నెల గట్టెక్కితే చాలామంది బతుకుతారు."

ధర్ మార్కుల కాగితం మీద సంతకం పెట్టి, పాసయ్యావు వెళ్లమన్నారు. కళ్లు తుడుచుకుంటూ తితిర్ తలుపు దగ్గరేసి వెళ్లింది.

గది ఖాళీ అయ్యాక ఆయన భార్యకు ఫోన్ చేశారు.

"ఆస్పత్రిలో చేరడానికి బట్టలు సర్దు బులూ, నా రక్తమని తెలియని ఆరుగురూ ఒకే మాట చెప్పారు."