తెరిచి ఉన్న లైను

"తప్పు దొరికింది, వదినా" అన్నాడు మరిది. "మన లైబ్రరీ కబురొస్తేనే కదులుతుంది కదా. అవతలి మెషీను చెప్పకుండా ఆగిపోతే, ఇంకా ఉందనుకుని లైను పట్టుకునే ఉంటోంది."

కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే కోడు అది. ఆమె భర్త రాసిన ఆ నెట్‌వర్క్ లైబ్రరీని ఇప్పుడు వాళ్లిద్దరే చూసుకుంటున్నారు.

"దిద్దాను. కాసేపు పలకకపోతే తెంచేస్తుంది. మీరు సరేనంటే విడుదల చేస్తాను."

"ఆ గడువు ఇంకాస్త పెంచు."

"ఎంతని పెంచను? వాడేవాళ్లు దుమ్మెత్తిపోస్తున్నారు."

ఆమె తెర వైపు చూసింది. పరీక్ష సర్వరులో ఒకే లైను తెరిచి ఉంది. అది వరదలో కారుతో పాటు కొట్టుకుపోయిన భర్త ల్యాప్‌టాప్‌ది. మనిషి ఇంకా దొరకలేదు.

"అన్నయ్య ఇక పలకడు, వదినా."

ఆమె తలూపి, "నువ్వే నొక్కు" అని లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది.

మౌసు మీద మరిది చెయ్యి కదలలేదు.