తొమ్మిది వేల అడుగులు

"నిన్నంతా కలిపి ఆరు వందల అడుగులా?" నర్సు దర్జీ అమ్మాయి నడుముకున్న చిన్న యంత్రాన్ని తీసి అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకుంది. "వీధి చివరిదాకా కూడా పోలేదన్నమాట."

బెంచీల మీద ఏడుగురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. కడుపుతో ఉన్నప్పుడు అందరికీ షుగరొచ్చింది, కాన్పయ్యాక పోయింది. పోయింది కదా అని కదలకుండా కూర్చుంటే మళ్ళీ వచ్చి తిష్ఠవేస్తుందని, రోజూ నడవమని చెప్పి, తలా ఒక అడుగుల లెక్క యంత్రం ఇచ్చింది ఆసుపత్రి. నర్సు మాత్రం ఈ వారమే బదిలీ మీద వచ్చింది.

దర్జీ అమ్మాయి ఒళ్ళోని మూడు నెలల పాప ఏడుపు అందుకుంది.

"పొద్దస్తమానం మిషను తొక్కుతూనే ఉంటాను సిస్టర్. నా కాళ్ళు ఆగిందెప్పుడు? దీనికి అది లెక్కలోకే రాదాయె."

ఎవరో కిసుక్కున నవ్వారు. నర్సు నవ్వలేదు.

"మా అక్క కూడా ఇలాగే కబుర్లు చెప్పేది. మొన్న కాలివేళ్ళు రెండు తీసేశారు. దానికింకా నలభై రాలేదు."

నర్సు చివరి బెంచీ వైపు చెయ్యి చూపించింది.

"ఆవిణ్ణి చూడండి. రోజంతా లైబ్రరీలో ఉద్యోగం. అయినా రోజూ తొమ్మిది వేల అడుగులు. వాన పడ్డ రోజు కూడా తగ్గలేదు. ఎలా కుదురుతోందో కాస్త వీళ్ళకీ చెప్పండమ్మా."

లైబ్రరీ ఆవిడ తలెత్తలేదు. "చెప్పడానికేముంది సిస్టర్. డ్యూటీ దిగాక నడుస్తాను. నడవకపోతే తోచదు."

దర్జీ అమ్మాయికి ఒళ్ళు మండింది. పాపని ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుంది.

"ఇంట్లో పెద్దదిక్కు ఉంటే ఎవరైనా నడుస్తారు. మీకు అత్తగారున్నారా లేదా?"

"ఉన్నారు. ఇంట్లోనే ఉంటారు."

"మరింకేం. నాకు ఎవరున్నారు? మా ఆయన లారీ ఎక్కితే పది రోజులకి గాని దిగడు. పిల్లని గోడకి తగిలించి పోనా షికారుకి?"

నర్సు కాగితాలు సర్దుకుంది. అందరూ లేచారు.

మెట్ల దగ్గర దర్జీ అమ్మాయి ఒక చేతిలో ఫైలూ, ఒక చేతిలో సంచీ, చంకలో పాపతో సతమతమవుతోంది. వెనకనుంచి రెండు చేతులు ముందుకొచ్చాయి.

"ఇలా ఇవ్వు. ఎత్తుకుంటాను."

లైబ్రరీ ఆవిడ భుజం మీద వాలగానే పాప ఏడుపు ఆపేసింది. ఆవిడ దాని అరికాలిని గుప్పిట్లోకి తీసుకుని, అలాగే పట్టుకుని మెట్లు దిగింది. దర్జీ అమ్మాయికి సిగ్గేసింది.

"ఏదో విసుగులో నోరు జారాను అక్కా. మనసులో పెట్టుకోకండి."

"నువ్వన్నదాంట్లో తప్పేం లేదులే. రేపట్నుంచి సాయంత్రాలు మీ ఇంటికొస్తాను. నువ్వు అరగంట నడిచొచ్చేదాకా పాప నా దగ్గరుంటుంది. ఆ జబ్బుని మాత్రం తేలిగ్గా తీసుకోకు చెల్లీ. అది ఏం చేస్తుందో నాకు తెలుసు."

సొంతవాళ్ళు కూడా అనని మాట అది.

"మరి మీ నడక?"

"నాదేముంది, ఓ గంట ఆలస్యంగా వెళతాను."

"అంత ఆలస్యమైతే మీ పాప బెంగపెట్టుకోదూ?"

లైబ్రరీ ఆవిడ బిడ్డని మెల్లగా తల్లి చేతికి అందించింది.

"నేను రోజూ నడిచెళ్ళేది శ్మశానానికే చెల్లీ. మా పాప అక్కడే ఉంది."