నలుగురు ఫార్వర్డులు

"ఒక్క గోలు తేడాతో ఓడిపోవాలి," అన్నాడు మిలటరీ ఆఫీసరు. "గెలవకూడదు. నవ్వులపాలూ కాకూడదు."

రాజమోహన్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పన్నెండేళ్లుగా ఆయన కాలేజీ హాకీ జట్టు ఫైనల్లో ఓడింది లేదు. రంగూన్‌లో ఏ కాలేజీ కుర్రాడైనా ఆయన్ని సయా అనే పిలుస్తాడు. సయా అంటే మాస్టారు.

ఇప్పుడు కాలేజీలు లేవు. పోయిన ఏడాది, ఎనభై ఎనిమిది ఆగస్టులో, విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. వాళ్ల వెనకే తుపాకులూ వచ్చాయి. ఆ తర్వాత గేట్లకు తాళాలు పడ్డాయి. దేశంలోకి వచ్చేవాడు లేడు, బయటికి పోయేవాడు లేడు. అలాంటిది వచ్చే వారం ఎవరో విదేశీ అతిథులు వస్తున్నారు. వాళ్ల ముందు కాలేజీ జట్టు, ఆఫీసర్ల జట్టు ఆడాలి. అంతా మామూలుగానే ఉన్నట్టు ఫొటోలు పడాలి.

"ఏడుగురే మిగిలారు," అన్నాడు రాజమోహన్. "నా ఫార్వర్డులు నలుగురూ మీ జైల్లో ఉన్నారు."

"పేర్లు?"

"దాసు, బంగారయ్య, చిన్నబ్బాయి, వెంకటరాజు."

ఆఫీసరు కాగితాలు తిరగేశాడు. "ఇవేం పేర్లు? ఒక్కటీ లేదు."

అవి మైదానం పేర్లు. జట్టులో చేరిన ఏ కుర్రాడికైనా, బర్మావాడు గానీ చైనావాడు గానీ, రాజమోహన్ ఒక తెలుగు పేరు పెట్టేవాడు. ఆట మధ్యలో తెలుగులోనే కేకలేసేవాడు. ఎవణ్ని పిలిచాడో, ఏం చెప్పాడో ఎదుటి జట్టుకు అంతుపట్టేది కాదు. గెలిచిన కప్పుల్లో సగం ఆ కిటుకుతో వచ్చినవే.

"అసలు పేర్లు నేను చూపిస్తాను."

ఆఫీసరు జాబితా ఇటు తిప్పాడు. పేరు, వయసు, పక్కనే శిక్ష. రాజమోహన్ వేలు మెల్లగా కిందికి దిగుతూ నాలుగు చోట్ల ఆగింది.

"నలుగురికీ ఇరవయ్యేళ్ల శిక్షే!"

"ఫార్వర్డులు కదండీ. ముందుండేది వాళ్లే."

ఆఫీసరు నవ్వాడు. "సరే. ఆటకు ముందు అతిథుల ఎదుటే విడుదల కాగితాలిస్తాం. అదీ ఫొటోకి బాగుంటుంది. ఆట మాత్రం చెడిందో, నీ ఉద్యోగం, కాలేజీ ఇచ్చిన ఇల్లు పోతాయి. వాళ్లు ఖాళీ చేసిన గదిలోకి నువ్వొస్తావు."

తామ్వే పేటలో ఇంటికొచ్చి చెబితే భార్య వీరలక్ష్మి నమ్మలేదు. పిల్లలు లేని ఇల్లు. ప్రతి ఆదివారం ఆ నలుగురూ ఆమె చేతి భోజనం తిన్నవాళ్లే. వాళ్లు జైల్లో ఉన్నారని ఏడాది కిందట ఆయనే చెప్పాడు.

"నిజింగానే ఒదిలేత్తారా? ఎలాగున్నారో ఏటో బాబులు. ఆ సిన్నబ్బాయికి పులుసులో సేప తలకాయ ఎయ్యకపోతే అలిగిపోతాడు."

రాజమోహన్ బూట్లు విప్పుకుంటున్నాడు.

"మాటాడరేటండీ?"

"ఆట గురించి ఆలోసిత్తన్నాను."

ఆట రోజు పొద్దున ట్రక్కు వచ్చింది. గుండు గీసిన తలలతో నలుగురు దిగారు. చొక్కాలు కర్రలకు తగిలించినట్టున్నాయి.

"దాసూ!" అని కేకేశాడు రాజమోహన్.

ఎవడూ కదలలేదు. తుపాకీ పట్టుకున్న సిపాయి తల తిప్పి చూశాడు. రాజమోహన్ గబగబా వెళ్లి మొదటి కుర్రాడి భుజం పట్టుకున్నాడు.

"ఏరా, ఏడాదికే సయాని మరిచిపోయావా?" అన్నాడు బర్మా భాషలో.

కుర్రాడు ఆయన ముఖంలోకి చాలాసేపు చూశాడు. "లేదు సయా," అన్నాడు.

ఆయనే వాళ్ల కాళ్లకు ప్యాడ్లు కట్టాడు. కర్రలు చేతికిచ్చి, వేళ్లు ఒక్కొక్కటే మడిచి పట్టించాడు. కాగితాలు ఇచ్చేటప్పుడు కెమెరాలు మెరిశాయి.

ఆట మొదలైంది. నలుగురిలో ఒకడు బంతి మీదుగా దూకబోయి పడ్డాడు. ఇంకొకడు కర్ర ఊపితే అది చెయ్యి జారి ఎగిరిపోయింది. మిగిలిన ఏడుగురూ తలలు వంచుకుని ఆడారు. వాళ్లలో ఒక్కడూ ఆ నలుగురిని పేరు పెట్టి పిలవలేదు. సగం ఆటకే ఏడు గోల్స్. అతిథులు మొదట నవ్వారు, తర్వాత కెమెరాలు మూసేశారు. చివరికి పద్నాలుగు, సున్నా.

నలుగురూ కాగితాలు గుప్పిట్లో పెట్టుకుని గేటు దాటిపోయారు. వెనక్కి తిరిగి చూడలేదు.

"రేపు పొద్దున జీపొస్తుంది," అన్నాడు ఆఫీసరు.

తామ్వే మలుపులో కిళ్లీకొట్టు భీమరాజు ఆకుకు సున్నం రాస్తూ తలెత్తాడు. కబురు అప్పుడే చేరిపోయింది.

"ఏటి సయా, పద్నాలుగా? ఎంచడానికి రెండు సేతులేళ్లూ సాల్లేదట! పన్నెండేళ్ల పరువు ఒక్క పూటలో ఈరావొడ్డీ ఏట్లో కలిపీసినావు గదా. జైలు కూడు తిన్న కుర్రోల్ని ఆడించడమేటి, బుద్దున్నోడెవుడైనా?"

రాజమోహన్ నడిచిపోయాడు.

ఇంట్లో చేపల పులుసు వాసన. చాప మీద ఐదు కంచాలు పెట్టి, వీరలక్ష్మి గుమ్మంలో నిలబడి ఉంది. ఆయన వెనక వీధి చివరిదాకా చూసింది.

"ఓడిపోతే పోనారు. సిగ్గుపడి రాలేదేటి? మీరైనా సెయ్యట్టుకుని లాక్కురావద్దా?"

ఆయన కంచాల ముందు కూలబడ్డాడు. తల ఎత్తలేదు.

"ఈయాల ఆడినోలు ఎవులో నానెరగను లచ్చిమీ, మన పిల్లలు నలుగురూ పోయినేడు ఆగస్టులోనే నా కళ్ల ముందు తూటాలకి పడిపోనారు."