ఎరువు వెయ్యని సాలు

“అవ్వా, ఈ సాలు మొక్కలకు ఎరువు వెయ్యొద్దని చెప్పిన గదా?” ఆలూరు టమాట తోటలో ఎరువు చల్లుతున్న అంతమ్మను అడిగింది సింధుజ.

అంతమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. “నిరుడు గూడ ఏసిన బిడ్డా. ఒక్క బంతిల కూసున్నోళ్లల్ల ఒకరికి వడ్డించి, ఇంకొకరిని చూసుకుంట కూసోమంటమా?”

సింధుజ ఫోన్ బయటికి తీసింది. కొత్త ఎరువు వేసిన సాలుకు, వెయ్యని ఈ సాలుకు కాపులో తేడా లేదని, ఆ ఎరువు దండగని రాసిన ఆమె మొదటి పరిశోధన వ్యాసం మొన్ననే జర్నల్‌లో అచ్చయింది.

“దాన్ని వాపసు తీసుకోవాలె అవ్వా.”

“చింపేస్తరా?”

“చింపరు. తప్పెట్ల జరిగిందో దాని మీదనే రాసి, అందరికి కనవడేటట్టు ఉంచుతరు.”

“నీ ఇజ్జత్ పోతది గదా! నా పేరు రాయి. నన్నెవరేమంటరు?”

సింధుజ అప్పటికే ఫోన్‌లో జర్నల్‌కు ఉత్తరం రాస్తోంది. “తప్పు నాదే. వెయ్యొద్దన్న గని, ఎందుకొద్దో నీకు చెప్పనే లేదు. ఎరువు లేకుంటే ఎట్ల కాస్తదో చూడాలె. మళ్ల మొదటి నుంచి చేద్దాం.”

అంతమ్మ గట్టు అవతలికి చెయ్యి చూపింది.

“అట్లయితే ఆ సాలు నా చేన్ల వద్దు. పక్క చేను సత్తయ్యకియ్యి. ఇంటికొచ్చిన అల్లునికే మారు వడ్డియ్యడు.”