ఎదురు గేటు

“నెలకు నాలుగొద్దులు కాదు మేడం, నెలంత నా మిల్లులనే కూసోవాలె. నేను చెప్పందే బయట అడుగు పెట్టొద్దు. ఎంత కావాల్నో చెప్పు!”

వెంకటేశ్వర్‌రావు బల్ల గుద్దిన గుద్దుకు టీ కప్పులు ఎగిరిపడ్డాయి. భైంసాలో పత్తి జిన్నింగ్ మిల్లు ఆయనది. ఎదుట కూర్చున్న అలేఖ్య తన కప్పును జాగ్రత్తగా పక్కకు జరుపుకుంది.

ఆమెది కరీంనగర్. చిన్న చిన్న కంపెనీల డబ్బు వ్యవహారాలు చక్కబెట్టే పెద్ద ఆఫీసరు. ఏ ఒక్కచోటా కొలువు చెయ్యదు, తలా కొన్ని రోజులు పంచుతుంది. రోడ్డుకు అటుపక్క వంశీధర్‌రావు మిల్లులో ఆమెకు ‘నాలుగొద్దుల మేడం’ అని పేరు. ఆ నాలుగొద్దులే ఆ మిల్లును నిలబెట్టాయి. ఇంటి ఖర్చు మిల్లు గల్లాలోంచి తీయడం మాన్పించింది. ధర పెరుగుతుందని దూదంతా దాచి మునిగే మనిషికి, కొంచెం కొంచెంగా అమ్మడం నేర్పింది. వంశీధర్‌రావును గేటు బయట నిలబెట్టిన బ్యాంకు మేనేజరే ఇప్పుడు ఆయన ఇంట్లో చాయ్ తాగిపోతున్నాడు.

“సార్, నా మాట జర వినుండ్రి,” అంది అలేఖ్య. “మీ అంత మిల్లుకు నా అసోంటి మనిషి నెలంత కూసునుడు దండుగ. అరెకరానికి ట్రాక్టర్ కొంటరా ఎవరన్న? కిరాయికి తెచ్చుకుంటరు. నన్ను గూడ గట్లనే నలుగురు పంచుకుంటరు. మీరు, ఎదురు మిల్లు సారు...”

“పంచుకునుడా? వానితోనా?” వెంకటేశ్వర్‌రావు ముక్కుపుటాలు అదిరాయి. “వాడు నా చిన్నాయన కొడుకే. పోయిన సీజన్ల నా గేటు ముంగట ఆగిన పత్తి బండ్లను ఎదురంగ నిలవడి చెయ్యూపి పిలుసుకపోయిండు. బజారంత పండ్లికిలిచ్చింది. వానితోని నేను గాలి గూడ పంచుకోను.”

తలుపు దగ్గరున్న, మిల్లు లెక్కలు రాసే మునీం పరశురాములు గొంతు సవరించుకున్నాడు. “దొరా, నెలంతకు జీతమంటె మస్తయితది...”

“జీతం కాదు పరశురాములూ, అది ఎలుకల మందు. మింగేది మనం కాదు, వాడు.”

అలేఖ్య కిటికీలోంచి ఎదురు గేటు వైపు ఓసారి చూసింది. “సరే సార్. కానీ ఏడాది దాంక నన్ను తీసెయ్యొద్దు. మీ మనిషినైనంక మీరు పంపిన చోటికే పోత.”

“గట్లనే కానీ!”

సీజన్ ముందర పత్తి కొనాలంటే వంశీధర్‌రావుకు బ్యాంకు అప్పు మళ్లీ మంజూరు కావాలి. అది రాకపోతే గేటు తెరిచినా ఒకటే, మూసినా ఒకటే. బ్యాంకోళ్లకు లెక్కలు అప్పజెప్పి ఒప్పించేది అలేఖ్యే. ఆమె వచ్చి ఇటు కూర్చున్నాక, వెంకటేశ్వర్‌రావు తన కుర్చీని కిటికీకి జరుపుకున్నాడు. రోజూ అదే సినిమా.

“చూడు పరశురాములూ, చెవుల ఫోను పెట్టుకొని గేటు కాడ ఎట్ల తిరుగుతుండో! కాళ్లు కాలిన పిల్లి తీరు. సోమవారం బ్యాంకోళ్లు వస్తరట. నా కడుపుల సల్లగున్నది.”

బ్యాంకోళ్లు వచ్చే రోజు పొద్దున అలేఖ్య వచ్చి ఆయన పక్కన నిలబడింది. “సార్, కరెంటు బిల్లు, బీమా, వడ్డీ అన్ని సక్కవెట్టిన. ఈ నెలకు ఇగ నాకు పని లేదు.”

“లేకుంటె చాయ్ తాగుకుంట కూసో. వానికి కనవడాలె.”

“నేను ఖాళీగ కూసుంటె మీకే లుక్సాన్. ఖాళీగున్నది ఏదైనా కిరాయికిచ్చుడే గదా మీ పద్ధతి?”

ఆ మాట నిజమే. వెంకటేశ్వర్‌రావు దేన్నీ ఊరికే పడుండనివ్వడు. బండ్లు తూచే ధరమ్ కాంట ఇసుక లారీలకు, వెనక గోదాము సోయా బస్తాలకు, ట్రాక్టరు పెళ్లి టెంట్ల సామానుకు, ఆఖరికి మిల్లు ముందరి అరుగు మిర్చి బజ్జీల బండికి.

“ఇంకొకటి ఖాళీగున్నది సార్. అడిగెటోళ్లు తయారున్నరు. మీ ఖర్చు జర ఎల్లుతది.”

“ఇచ్చెయ్, ఇచ్చెయ్!” ఆయన కళ్లు కిటికీ మీదే ఉన్నాయి. అవతల వంశీధర్‌రావు దస్తీతో మెడ తుడుచుకుంటున్నాడు.

“ఎవరికని అడుగరా?”

“పైసలిచ్చెటోడు ఎవడైతేంది? దొంగోనికైనా ఇయ్యి. అడ్వాన్స్ మాత్రం ముందుగల గుంజు.”

“పరశురాములన్నా, విన్నవు గదా?”

“విన్న మేడం.”

అలేఖ్య ఫోన్లో రెండు మాటలు మాట్లాడింది. నిమిషంలో వెంకటేశ్వర్‌రావు జేబులో ఫోను టింగుమంది. మిల్లు ఖాతాలో అడ్వాన్సు పడింది.

“అబ్బో! ఎవడో మస్తు అక్కెరున్నోడే!” అని తొడ చరుచుకుని మళ్లీ కిటికీలోకి తొంగిచూశాడు.

బ్యాంకు జీపు అప్పుడే వంశీధర్‌రావు మిల్లు ముందు ఆగుతోంది. అలేఖ్య బ్యాగు భుజానికేసుకుని రోడ్డు దాటుతోంది. వంశీధర్‌రావు తన గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచి, అప్పుడు పత్తి బండ్లను పిలిచినట్టే, చెయ్యూపి పిలుస్తున్నాడు.

వెంకటేశ్వర్‌రావుకు తొడ మీది చెయ్యి అక్కడే ఆగిపోయింది. “పరశురాములూ! గామె గటు పోతదేందిరా? మనం కిరాయికిచ్చింది గోదాము గాదా?”

“గోదాముల సోయాలున్నయి దొరా. మన మిల్లుల ఖాళీగున్నది మేడమొక్కతే.”